గడ్డి మిషన్ పడవ

ఆగస్టు 24, ఆదివారం

ఈరోజు నోరు జారాను. జారాను అని రాయకూడదేమో. సంతోషంగానే అన్నాను.

పొద్దున న్యాల్‌కల్ దాటి, మంజీర ఒడ్డున ఉన్న నాగవ్వక్క ఊరికి వెళ్ళాను. ఎండాకాలంలో బండి మీంచి పడ్డప్పటి నుంచి నర్సింలు బావకు కుడి భుజం పైకి లేవడం లేదు. చేపలు పట్టడం తప్ప ఆయనకు వేరే పని తెలియదు. తెడ్డు ఎడమ చేత్తో వేస్తుంటే పడవ ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతోంది. ఒడ్డున కూర్చున్న పిల్లగాళ్ళు నవ్వారు. ఒకడు ఈల వేశాడు. బావ కూడా వాళ్ళతో కలిసి నవ్వాడు గానీ, ఒడ్డుకు వచ్చాక వల మడతపెడుతూ ఎవరి ముఖమూ చూడలేదు.

"ఇంకో మనిషిని తోలుకపోతే సగం చేపలు ఆయనకే పోతయి. మోటరు కొనేటంత తాహతు మనకు యాడిది?" అంది అక్క.

అప్పుడన్నాను, అంతమంది ముందర. "కొనుడెందుకక్కా? నేను చేస్త. దసరా లోపట బావ పడవకు మోటరు పెడత."

"పంపుసెట్లు బాగుచేసినట్టు కాదు చందర్. గిది నీళ్ళ మీది పని" అన్నాడు ఒక ముసలాయన.

అక్క కొంగు నడుముకు చెక్కుకుని లేచింది. "మా తమ్ముడు చెయ్యి పెట్టినంక నడవని ఇంజను ఏదన్న ఉంటే నాకు చూపెట్టున్రి. జహీరాబాద్ల అడుగున్రి, చందర్ అంటే ఎవ్వలో చెప్తరు."

బస్సులో దారంతా ఆ మాటే తలుచుకుంటూ వచ్చాను.

ఆగస్టు 28

ఇంజను దొరికింది. హైవే పక్కన ఫంక్షన్ హాలు వాళ్ళు లాన్‌లో గడ్డి కోసే మిషను పాతదైపోయిందని వెనక షెడ్డులో పడేశారు. వాళ్ళ బోరు మోటరు నేనే చూస్తాను కాబట్టి, తీసుకుపొమ్మన్నారు. చక్రాలు ఊడిపోయాయి, బ్లేడు తుప్పు పట్టింది. ఇంజను మాత్రం గట్టిగా ఉంది. కార్బొరేటరు కడిగి, ప్లగ్గు మార్చి తాడు లాగితే మూడోసారికే అందుకుంది.

మామూలు ఇంజన్లకు షాఫ్టు పక్కకు ఉంటుంది. దీనికి నిలువుగా కిందికి దిగుతుంది, ఎందుకంటే బ్లేడు నేలకు సమంగా తిరగాలి. పడవకు కావలసింది సరిగ్గా అదే. షాఫ్టును నీళ్ళ దాకా పొడిగించి, అక్కడ తిరుగుడును పక్కకు మళ్ళించి, చివర ఫ్యాను బిగిస్తే చాలు. ఈ సంగతి తట్టినప్పుడు షాపులో ఒక్కడినే గట్టిగా నవ్వాను.

మహేశ్వరి టీ తెచ్చి, ఆ ఇంజను చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఇంట్ల మిక్సీ ఆగి నెల దాటింది, అది చెయ్యనీకి నీకు టైం దొరకలే. గీ గడ్డి మిషనుకు మాత్రం దొరికింది."

"ఇది ఊరంత చూసే పని."

"గందుకే దొరికింది" అని గ్లాసు పట్టుకుని లోపలికి పోయింది.

సెప్టెంబర్ 4

ఇనుము కోసే పాత గ్రైండరు తలకాయ విప్పి దాని గేర్లు వాడాను. నిలువుగా వచ్చే తిరుగుడును అది పక్కకు మళ్ళిస్తుంది. నీళ్ళు దూరకుండా సీలు వేసి, గ్రీజు నింపాను. షాఫ్టు ఇనుప పైపులో దిగుతుంది, పైనా కిందా బేరింగులు. ఫ్యాను రెక్కలు స్టీలు రేకుతో కోసి వెల్డింగ్ పెట్టాను. పడవ వెనక చెక్కకు బిగించే పట్టీ కూడా అయింది.

హ్యాండిల్‌కు ఒక సన్నటి కడ్డీ ఉంది. దాన్ని హ్యాండిల్‌తో కలిపి పట్టుకున్నంతసేపే ఇంజను నడుస్తుంది. వదిలితే టక్కున ఆగిపోతుంది. గడ్డి కోసేవాడు జారిపడితే కాళ్ళు తెగకుండా చేసిన ఏర్పాటు. పడవలో అంతసేపు దాన్ని పట్టుకుని కూర్చుంటే వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. వైరు చుట్టి కట్టేశాను.

సెప్టెంబర్ 6

షాపు ముందరి నీళ్ళ తొట్టిలో నడిపి చూశాను. తొట్టిలో సగం నీళ్ళు రోడ్డు మీద పడ్డాయి. బండి మీద పోయేవాడొకడు తడిసి తిట్టాడు. ఆ తిట్టు కూడా మెచ్చుకున్నట్టే వినబడింది.

సెప్టెంబర్ 10

బావ చూసిపోదామని వచ్చాడు. మోటరు చుట్టూ గొంతుక్కూర్చుని, రెక్కల మీద వేలు పెట్టి, చిన్నపిల్లవాడిలా ముఖం వెలిగిపోతుంటే చూశాడు. తరువాత హ్యాండిల్ దగ్గర ఆగాడు.

"గీ వైరేంది చందర్?"

చెప్పాను.

"చెయ్యి ఇడిస్తె ఆగేదాన్ని, ఆగకుండ కట్టినవా? నీళ్ళల్ల జర అక్కరకొస్తదేమో గద."

"అది గడ్డి కోసేటోళ్ళకు బావా. పడవల కాళ్ళేం తెగుతయి? నువ్వు ఫికర్ చెయ్యకు."

"నీకు తెల్వనిదా" అన్నాడు.

సెప్టెంబర్ 14, ఆదివారం, పొద్దున

ఆటోలో మోటరు పెట్టుకుని బయల్దేరుతున్నాను. పాత కారు ట్యూబు ఒకటి గాలి నింపి వేసుకున్నాను. అక్క కూడా పడవ ఎక్కుతానంది. ఆమెకు ఈత రాదు. అందుకే.

సెప్టెంబర్ 15

అక్క దవాఖానలో ఉంది. బతికింది.

సెప్టెంబర్ 16

జరిగింది రాసుకోవాలి, లేకపోతే తలలో తిరుగుతూనే ఉంటుంది.

నిన్న కాదు, మొన్న. ఒడ్డున ఊరు సగం నిలబడింది. మేనకోడలు మానస ఫోనులో వీడియో తీస్తోంది. పడవ ముందర బావ, నడుమ అక్క, వెనక మోటరు దగ్గర నేను. అక్క గంగమ్మకు పసుపు కుంకుమ వేసి, రెండు పూలు నీళ్ళలో వదిలింది. తాడు లాగాను. పడవ కదిలింది. నిజంగా కదిలింది. ఒడ్డున ఈలలు వేశారు, ఈసారి వెక్కిరింపు కాదు. బావ వెనక్కి తిరిగి నన్ను చూసి, బాగున్న చెయ్యి పైకెత్తాడు. ఇంత సంతోషం నాకెప్పుడూ కలగలేదని అనుకున్నాను.

నడుమకు పోయాక గుర్రపుడెక్క అడ్డం వచ్చింది. ఆ తీగలు ఫ్యానుకు చుట్టుకుని మోటరు వణకడం మొదలుపెట్టింది. "బంద్ చెయ్" అని బావ అరిచాడు. బంద్ చేయాలంటే వైరు విప్పాలి. అదెందుకని ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని, రెండో చేత్తో తీగ లాగడానికి వెనక్కి వంగాను. తీగ ఒక్కసారిగా తెగింది. మోటరు ఎగిరినట్టు ముందుకు దూకి పక్కకు తిరిగింది, హ్యాండిల్ నా చేతిలోంచి జారింది, నేను ఒక పక్కకు పడ్డాను. చెయ్యి వదిలినా అది ఆగలేదు. పడవ గిర్రున తిరిగి నీళ్ళు తాగి బోర్లా పడింది.

బావ పడవకు అవతలి పక్క పడ్డాడు. ఇవతల నేనూ అక్కా. ట్యూబు తేలుతోంది. ట్యూబు అక్కకు ఇద్దామని చెయ్యి చాపాను. ఆ తరువాత ఏమైందో సరిగ్గా గుర్తులేదు. నీళ్ళలో ఎవరికి ఏం గుర్తుంటుంది.

బావ పడవ కింది నుంచి వచ్చి, అక్క జుట్టు అందుకుని, పనికిరాని ఆ కుడిచేత్తోనే ఆమెను గుంజి పట్టుకున్నాడు. రెండో చెయ్యి పడవ మీద. దగ్గర్లో వల వేస్తున్నవాళ్ళు తమ గుండ్రటి పుట్టి పడవలో వచ్చి ముగ్గురినీ ఎక్కించుకున్నారు.

సెప్టెంబర్ 17

అక్క ఈరోజు లేచి కూర్చుంది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. మంచం చుట్టూ చుట్టాలు, ఊరి నుంచి వచ్చినవాళ్ళు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

"ఎట్లయ్యింది నాగవ్వా?" అని ఎవరో అడిగారు.

అక్క నా వైపు చూడలేదు. "నా తమ్ముడు ముందుగాల నాకే ట్యూబిచ్చిండు. నా చేతులే జారినయ్. వాడు నన్ను పట్టుకోవాలని మస్తు జూసిండు. నా తమ్ముడు లేకుంటే నేనప్పుడే ఖతం."

అందరూ నా వైపు తిరిగారు. మాజీ సర్పంచ్ గురులింగప్ప వచ్చి నా వీపు తట్టాడు. "తోడబుట్టినోడు అంటే గిట్లుండాలె" అన్నాడు. బావ భుజానికి కట్టు ఉంది. అది ఇక పైకి లేవదని డాక్టరు చెప్పాడట. ఆ బావ ఎడమ చేత్తో నా రెండు చేతులూ పట్టుకుని నిలబడ్డాడు.

నేను కాదనలేదు. అంతమందిలో కాదని ఎలా అంటాను.

సెప్టెంబర్ 18

అక్కకు గుర్తులేదేమో. ఉండదు. అంత నీళ్ళు మింగిన మనిషికి ఎలా ఉంటుంది.

సెప్టెంబర్ 20

షాపుకు వచ్చిన ప్రతివాడూ అదే అడుగుతున్నాడు. మొదట "ఏదో దేవుడి దయ" అని తప్పించుకున్నాను. కోహీర్ నుంచి పంపు తెచ్చిన రైతు వదల్లేదు. టీ తెప్పించి కూర్చోబెట్టి అడిగాడు. చెప్పాను. ట్యూబు ఇచ్చానని చెప్పాను. సాయంత్రం ఇంకొకరికి చెప్పినప్పుడు, నేనే ఈదుకుంటూ వెళ్ళి అక్క చేతికి అందించానని చెప్పాను.

నాకు ఈత రాదు.

మా నాన్న చేపల వేట వదిలి పట్నానికి వచ్చి పనిలో చేరాడు. నేను పుట్టింది, పెరిగింది జహీరాబాద్‌లోనే. చేపలోళ్ళ ఇంట పుట్టి ఈత రాదంటే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. మహేశ్వరికి కూడా. ఆ ట్యూబు ఎవరి కోసం వేసుకున్నానో ఈ పుస్తకంలో కూడా అబద్ధమే రాశాను.

సెప్టెంబర్ 21

మహేశ్వరి పక్కింటివాళ్ళకు చెబుతుంటే వినబడింది. "మా ఆయన గట్లనే. ఆయన పానం ఆయన చూసుకోడు." లోపల మంచం మీద పడుకుని విన్నాను. ఈ ఎండలో కూడా పొడుగు చేతుల చొక్కానే వేసుకుంటున్నాను.

సెప్టెంబర్ 23

రాస్తాను. ఇక్కడైనా రాస్తాను.

ట్యూబు ముందు అక్కకే దొరికింది. రెండు చేతులూ దాని మీద వేసి, గడ్డం ఆనించి, దగ్గుతోంది. నేను మునిగి పైకి వచ్చాను. నోట్లో నీళ్ళు, ముక్కులో నీళ్ళు, కింద కాళ్ళకు ఏమీ తగలడం లేదు. ట్యూబు కనబడింది. అక్క కనబడలేదు. కాదు, అక్క కూడా కనబడింది. ఎవరో అనుకుని చేశానని రాసుకోవాలని ఉంది. కాదు. అక్కేనని తెలుసు. "తమ్మీ, పట్టుకో" అంది. చోటిచ్చి పక్కకు జరిగింది కూడా.

నేను పట్టుకోలేదు, గుంజుకున్నాను. ఆమె వదల్లేదు. నా మణికట్టు పట్టుకుంది. మోచేత్తో పొడిచాను. అయినా వదలకపోతే ఆమె వేళ్ళు ఒక్కొక్కటీ విప్పాను. గోళ్ళు గీరుకుపోయాయి. ఆ గీరలు కనబడకుండానే పొడుగు చేతుల చొక్కా. ట్యూబు నా చంకల కిందికి తెచ్చుకుని, ముఖం అటు తిప్పుకున్నాను. ఆమె మునగడం చూడకూడదని తిప్పుకున్నాను.

లారీ ట్యూబు కాదు, కారు ట్యూబే. అయినా ఇద్దరం పట్టుకుని తేలేవాళ్ళం. నాలాంటివాడికి అది తెలియదా. గాలి నింపింది నేనే కదా.

సెప్టెంబర్ 28

అక్క ఇంటికి వెళ్ళాను. బావ కట్టు మార్పించుకోవడానికి మానసను తీసుకుని పోయాడు. అక్క ఒక్కతే అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఎదురుగా కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "గొంతెట్లుందక్కా?" అన్నాను.

"మంచిగనే ఉంది."

"అక్కా, నీకు గుర్తుందా? ఆ దినం నీళ్ళల్ల..."

"ఉంది" అంది. చేట మీంచి తల ఎత్తలేదు.

"మరి గట్లెందుకు చెప్పినవ్ అందరికి?"

"ఏమని చెప్పాలె? నా తమ్ముడే నా ఏళ్ళు ఇప్పిండని చెప్పాలెనా? చెప్తే నీకేమైతది? జహీరాబాద్ల నీ షాపు నీకుంటది, నీ ఇల్లు నీకుంటది. నేనీ ఊర్లె ఉండాలె. ఆ అవతలింటామె ఉన్నది చూడు, అత్తగారింట్ల ఎన్ని మాటలు పడ్డా, మా తల్లిగారోళ్ళున్నరు అని ఒక్క మాటంటది. అమ్మా నాయినా పోయినంక నాకు తల్లిగారిల్లంటే నువ్వొక్కనివే. అదిట్లాంటిదని నా నోటితోని నేను చెప్పుకోవాలెనా?"

"అక్కా, నా తప్పు..."

"నీ కోసం చెప్పలే తమ్మీ. నా ఇజ్జత్ కోసం చెప్పిన. మల్ల ఈ ముచ్చట తీయకు. మీ బావకు అసలే చెప్పకు. ఆయన నిన్ను దేవుని లెక్క చూస్తుండు."

బియ్యం చేట పక్కన పెట్టి, లోపలికి పోయి నాకు అన్నం పెట్టింది. చేపల పులుసు. తిన్నాను. పక్కనే నిలబడి, చాలా, ఇంకా వెయ్యాల్నా అని అడిగింది. ఆమె కుడిచేతి చూపుడు వేలు ఇంకా వాచే ఉంది.

అక్టోబర్ 1

రాయడానికి ఏమీ లేదు.

అక్టోబర్ 5, ఆదివారం

దసరా అయిపోయింది. గురులింగప్ప పంచాయతీ ఆఫీసు ముందర కుర్చీలు వేయించి, మైకు పెట్టించి నన్ను పిలిచాడు. ఎన్నికలు రాబోతున్నాయి కాబట్టి ఆయనకు ఏదో ఒక సభ కావాలి. రానని చెబుదామనుకున్నాను. అక్క ఫోను చేసి, "రాకుంటె మంచిగుండది" అంది. వెళ్ళాను.

శాలువా కప్పారు. మన న్యాల్‌కల్ మండలం అల్లుళ్ళు, బామ్మర్దులు ఎట్లుంటరో లోకానికి చూపెట్టినోడు అన్నాడు గురులింగప్ప మైకులో. పడవకు మోటరు పెట్టిన తెలివి, అక్కను కాపాడిన ధైర్యం అన్నాడు. చప్పట్లు కొట్టారు. అక్క ఆడవాళ్ళ వరుసలో ముందర కూర్చుని కొట్టింది. ఆ చేతులతోనే. నన్ను మాట్లాడమన్నారు. మైకు పట్టుకుని "అందరికి నమస్కారం" అన్నాను. ఇంకేమీ రాలేదు. సిగ్గరి మనిషి అని మెచ్చుకున్నారు.

బావ నన్ను బస్సు దాకా సాగనంపడానికి నడిచి వచ్చాడు. చెరుకు తోటల నడుమ బాట. శాలువా నేను మడిచి చంకలో పెట్టుకుంటే, ఆయన తీసుకుని దుమ్ము దులిపి, మళ్ళీ నా భుజాల మీద వేశాడు.

"చందర్, నా భుజం పోతే పోయింది గని నాగవ్వను మిగిలిచ్చినవ్. మానస పెండ్లిల పీటల మీద నేను గూసోను. మేనమామవు, నువ్వే గూసో."

నా కాళ్ళు ఆగిపోయాయి. చెప్పేశాను. అన్నీ చెప్పాను. నాకు ఈత రాదని, ట్యూబు ఎవరికి దొరికిందో, నేను ఏం చేశానో, ముఖం ఎటు తిప్పుకున్నానో. చొక్కా చేతులు మడిచి మణికట్టు చూపించాను.

బావ చాలాసేపు ఆ గీరలే చూశాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. "నాగవ్వకు తెలుసా?" అని మాత్రం అడిగాడు. తెలుసన్నాను. వెనక్కి తిరిగి ఊరి వైపు నడిచాడు. శాలువా నా మీదే ఉంది. బస్సులో ఎవరో పెళ్ళికి పోయివస్తున్నావా అని అడిగారు.

అక్టోబర్ 6

అక్క ఫోను.

"చెప్పినవు గద."

"నా లోపట ఉంచుకోలేకపోయిన అక్కా."

"నీ బరువు దించుకున్నవ్. మీ బావ నిన్నటి సంది ముద్ద ముట్టలే, నా ముఖం చూస్తలేడు. నేను ఆయనకు అబద్ధం చెప్పిన్నంట, ఇన్ని దినాలు ఒక్క మంచం మీద పండుకొని. ఆ దినం ట్యూబు గుంజుకున్నవ్. ఇయ్యాల నా మాట గూడ గుంజుకున్నవ్. నా దగ్గర ఇంకేముందని మల్ల ఫోన్ చేసినవ్?"

ఫోను చేసింది తనే. ఆ సంగతి నేను అనలేదు. పెట్టేసింది.

చెప్పేస్తే మంచివాణ్ణి అవుతాననుకున్నాను.

అక్టోబర్ 12

మహేశ్వరికి చెప్పాను. రొట్టెలు చేస్తోంది. చేయడం ఆపలేదు.

"నాకు ఎరుకే" అంది. "దవాఖాన నుంచి వచ్చిన నాడు నువ్వు నిద్ర పోయినంక చొక్క ఇప్పిన. ఆ గీరలు చూసిన."

"మరి పక్కింటోళ్ళకు గట్లెందుకు చెప్పినవ్?"

"ఏం చెప్పాలె మరి?" అని పెనం మీది రొట్టె తిప్పింది. మాడిపోయింది. ఆ మాడిన రొట్టె తన కంచంలోనే వేసుకుంది.

అక్టోబర్ 13, 14, 15

షాపు. ఇల్లు. షాపు.

అక్టోబర్ 19, ఆదివారం

షాపు ముందర ఆటో ఆగింది. బావ దిగాడు. మానస కూడా ఉంది. వెనక సీట్లో మోటరు. గుర్రపుడెక్క ఎండి ఇంకా ఫ్యానుకు అంటుకునే ఉంది, ఇంజను నిండా ఒండ్రు. నీళ్ళలోంచి పడవను లాగినప్పుడు తీసి పక్కన పెట్టినట్టున్నారు.

ఆటోవాడూ నేనూ పట్టుకుని దింపాం. బావ కుడిచెయ్యి పక్కకు వేలాడుతోంది.

"దీన్ని మల్ల నడిచేటట్టు చెయ్యాలె" అన్నాడు.

"బావా..."

"మోటరు నాకు కావాలె. నువ్వు కావాల్నో వద్దో తర్వాత జూస్త. ముందుగాల ఆ వైరిప్పు."

కటింగ్ ప్లేయరు తీసుకున్నాను. వైరు తుప్పు పట్టి బిగుసుకుపోయింది. కోస్తుంటే బావ చూస్తూ నిలబడ్డాడు. వైరు ముక్కలు కింద పడ్డాయి. ఆ ముక్కలు మానస ఏరి డబ్బాలో వేసింది. నాతో ఒక్క మాట మాట్లాడలేదు. పుట్టినప్పటి నుంచి "మామా మామా" అని వెంట తిరిగిన పిల్ల.

ఇంజను మొత్తం విప్పాను. సిలిండరులోకి నీళ్ళు పోయాయి, పిస్టను పట్టేసింది. గేర్లలో గ్రీజు పాలలా తెల్లగా అయింది. అన్నీ కడిగి మళ్ళీ కూర్చాలి. తీగలు చుట్టుకోకుండా రెక్కల చుట్టూ కడ్డీలతో బుట్ట కట్టాలి. చెయ్యి వదిలితే ఆగే కడ్డీని మళ్ళీ మొదటిలాగే బిగించాలి. ఇవన్నీ అప్పుడే చేయవలసినవి.

మహేశ్వరి లోపలి నుంచి వచ్చి, బావకు కుర్చీ వేసి, మానసను అన్నానికి పిలిచింది. బావ కుర్చీలో కూర్చోలేదు. సాయంత్రం దాకా నా పక్కనే నేల మీద కూర్చుని, నేను అడిగిన సామాను ఎడమ చేత్తో అందించాడు. పన్నెండు నంబరు పానా, బావా. ఇంద. అంతే మాటలు.

వెళ్ళేటప్పుడు అడిగాను, "అక్క ఎట్లుంది?"

"నాతోని మాట్లాడుతుంది. నీ ముచ్చట తీస్తె లేచి పోతది."

అక్టోబర్ 27

ఇంజను అందుకుంది. తొట్టిలో నడిపాను. కడ్డీ వదిలిన ప్రతిసారీ ఆగింది. వదిలి చూశాను, మళ్ళీ వదిలి చూశాను, చీకటి పడేదాకా అదే పని. మహేశ్వరి బయటికి వచ్చి, "నడుస్తుంది, ఇగ చాలు" అంది.

నవంబర్ 2, ఆదివారం

మోటరు తీసుకుని ఊరికి వెళ్ళాను. ఒడ్డున ఈసారి జనం లేరు, బట్టలు ఉతికే ఆడవాళ్ళు తప్ప. వాళ్ళు నన్ను చూసి మాట్లాడుకోవడం ఆపారు. బావ ఎవరికైనా చెప్పాడో లేదో నాకు తెలియదు. అడగలేదు.

పడవకు బిగించి, మానసకు నేర్పాను. ఇక దాన్ని నడపాల్సింది ఆ పిల్లే. తాడు ఎలా లాగాలి, కడ్డీ ఎలా పట్టుకోవాలి, భయమేస్తే ఏం చేయాలి.

"ఏం చెయ్యాలె?" అని అడిగింది. దవాఖాన తరువాత నాతో ఆమె అన్న మొదటి మాట.

"ఏం చెయ్యొద్దు. చెయ్యి ఇడువు. అదే ఆగుతది."

బావను ముందర కూర్చోబెట్టుకుని పోయింది. నేను ఒడ్డునే ఉన్నాను. వాళ్ళు నడుమ దాకా పోయారు, అక్కడ ఇంజను ఆగింది. నా ఊపిరి కూడా ఆగింది. మళ్ళీ చప్పుడు వినబడింది. కావాలనే ఆపి చూసినట్టుంది. వల వేసి, రెండోవైపు ముందే వేసి ఉంచిన వల తీసుకుని తిరిగి వచ్చారు. కొన్ని రవ్వ చేపలు, ఒక పెద్ద బొచ్చె చేప పడ్డాయి.

బావ ఒడ్డుకు రాలేదు. నడుము లోతు నీళ్ళలో దిగి నిలబడ్డాడు.

"చొక్క ఇప్పు" అన్నాడు.

"ఎందుకు బావా?"

"ఈత రానోడు నా పడవ మీద చెయ్యెయ్యొద్దు. ఇప్పు. దా."

ఉతికే ఆడవాళ్ళు చూస్తున్నారు. పొట్ట వచ్చిన మనిషిని, నెత్తి సగం నెరిసినవాణ్ణి. చొక్కా విప్పి రాయి మీద పెట్టాను. మణికట్టు మీద గీరలు ఇప్పుడు తెల్లటి గీతలు. దాచుకోవడానికి ఏమీ లేదు. నీళ్ళలోకి దిగాను. చల్లగా ఉన్నాయి. బావ ఎడమ చెయ్యి నా పొట్ట కింద పెట్టి, "పండుకో" అన్నాడు.

పడుకున్నాను. నోట్లోకి నీళ్ళు వచ్చాయి. అంతే, కాళ్ళు కింద ఆనుతాయని కూడా మరిచిపోయి ఆయన మెడ రెండు చేతులతో పట్టుకున్నాను. కుడి భుజం మీదే పడ్డాను. ఆయన పళ్ళు బిగించడం వినబడింది. విదిలించుకోలేదు. బురదలో కాళ్ళు పాతుకుని అలాగే నిలబడ్డాడు.

"ఇడువు. నేనీడనే ఉన్న" అన్నాడు.

వదిలాను. మళ్ళీ పడుకున్నాను. ఆడవాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. తల తిప్పితే ఒడ్డున వాళ్ళ వెనక అక్క కనబడింది. బుట్ట పట్టుకుని చేపల కోసం వచ్చినట్టుంది. నవ్వడం లేదు. నన్ను చూసి వెళ్ళిపోతుందనుకున్నాను. మళ్ళీ మునిగాను, మళ్ళీ బావ చెయ్యి పైకి లేపింది. కళ్ళు తుడుచుకుని చూస్తే అక్క ఇంకా అక్కడే ఉంది. బుట్ట కింద పెట్టింది.

మూడోసారి మునిగి లేచినప్పుడు ఆమె గొంతు వినబడింది. ఇంకా కొంచెం బొంగురు ఉంది. తమ్మీ అనలేదు, పేరు కూడా పెట్టలేదు.

"కాళ్ళు! కాళ్ళు కొట్టు!" అని అరిచింది.

కొట్టాను.